ఫొటోలోని మనిషికీ హక్కుంది

గాజాపై యుద్ధం మొదలైనప్పటి నుంచి మా శృంగవరపుకోటలో జుమా నమాజు ముగిశాక మసీదు గుమ్మం దగ్గర ఒకే దృశ్యం కనిపిస్తోంది. చెప్పులు వేసుకునే లోపే ఒకరు జేబులోని ఫోను తీసి పక్కవారికి చూపిస్తారు. శిథిలాల కింది నుంచి తీసిన పసిబిడ్డ, తెల్లని గుడ్డల్లో చుట్టి వరుసగా పేర్చిన దేహాలు, ఆకలితో ఎముకల గూడైన బాలుడు. చూసినవారు ఇన్నాలిల్లాహి చదువుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు, ఆ వెంటనే ఆ ఫొటోను తమకు తెలిసిన పది వాట్సాప్ గ్రూపులకు పంపుతారు. ఈ మధ్య ఒక దుఆ సభకు ఫ్లెక్సీ వేయించే సందర్భంలో ఇది వాదనకు దారితీసింది. చనిపోయిన చిన్నారి ఫొటోను పెద్దదిగా వేయాలని యువకులు, వద్దని పెద్దలు. లోకానికి నిజం తెలియాలన్నది యువకుల మాట. బడికి వెళ్ళే పిల్లలు ఆ దారినే నడుస్తారు, పోలీసులు వచ్చి అడుగుతారు అన్నది పెద్దల మాట. రెంటిలోనూ న్యాయం ఉంది. కాని ఆ బిడ్డ ఎవరు, ఏ రోజు చనిపోయింది, కన్నవారు బతికి ఉంటే తమ బిడ్డ దేహాన్ని ఎక్కడో విజయనగరం జిల్లాలో నాలుగు రోడ్ల కూడలిలో వేలాడదీయడానికి ఒప్పుకుంటారా అని ఇరుపక్షాల్లో ఎవరూ అడగలేదు.

మేము ఎవరూ అడగని ఆ ప్రశ్న గురించే ఇక్కడ రాయదలచాము. యుద్ధ ఛాయాచిత్రం ఒక సాక్ష్యం. అందులోని మనిషి మన చేతుల్లో ఉంచిన అమానత్ అది. తీసినవారు, అచ్చు వేసినవారు, ముందుకు పంపినవారు ముగ్గురూ ఆ అమానత్‌కు జవాబుదారులు. ఛాయాచిత్రకారుల నీతి గురించి లోకంలో చాలా చర్చ జరిగింది. పంపేవారి నీతి గురించి మనలో మనం ఇంకా మాట్లాడుకోలేదు.

మా ప్రాంతానికి ఇది దూరపు విషయం అనిపించవచ్చు. విశాఖ నుంచి అరకు వెళ్ళే దారిలో కొండల అంచున ఉన్న ఊరు మాది. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయనగరం జిల్లాలో ముస్లింలు వందకు ఒక్కరు కూడా లేరు. ఇలాంటి చోట పొరుగువారిలో ఎక్కువమందికి ముస్లిం అంటే తమ వీధిలోని దర్జీయో, మెకానిక్కో, పండ్ల వ్యాపారో. అంతకు మించి తెలిసినదంతా టీవీలో, ఫోనులో చూసిన బొమ్మలే. ఒక బొమ్మలో తుపాకీ పట్టిన గడ్డపు మనిషి ఉంటాడు, మరొక బొమ్మలో శవాల గుట్ట ఉంటుంది. భయపెట్టేవాడు లేదా చచ్చిపడినవాడు. ఈ రెండూ కాని ముస్లిం ఆ తెరమీద కనిపించడు. మనం పంపే ఫొటోలు ఆ రెండో గుట్టను పెంచుతున్నాయేమో మనమే చూసుకోవాలి.

అయితే ఫొటోలే వద్దనేవారితో మేము ఏకీభవించము. ఫొటో లేకపోతే ఏం జరుగుతుందో తెలుగు ముస్లింలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు, 18న జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురికి లొంగిపోయారు. ఆ లొంగుబాటు ఫొటో ఉంది. బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్ ఎదుట నిజాం చేతులు జోడించిన ఫొటో ఉంది. ఏటా సెప్టెంబరు నెలలో అది ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉంటుంది. ఆ వారాల్లో గ్రామాల్లో జరిగిన దానికి మాత్రం మన కళ్ళ ముందుకు వచ్చే ఫొటో ఒక్కటీ లేదు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, అందులో ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు, ఆ ఏడాది నవంబరు చివర నుంచి డిసెంబరు వరకు జిల్లాలు తిరిగింది. చాలా తగ్గించి వేసినా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని లెక్క కట్టింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయని చెప్పింది. శవాలతో నిండిన బావులను తాము స్వయంగా చూశామని రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013లో గాని అది ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువరులకు అందలేదు. అరవై అయిదేళ్ళు.

ఆ బృందం వెంట ఒక కెమెరా నడిచి, ఆ బావుల్లో ఒక్కదాని బొమ్మ అయినా బయటకు వచ్చి ఉంటే ఆ నివేదికను అంతకాలం బీరువాలో పెట్టగలిగేవారా? రజాకార్ల చేతుల్లో హతమైన గ్రామాలకూ ఇదే వర్తిస్తుంది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతకు సాక్షిగా ఊరి బురుజు నిలిచి ఉంది, చనిపోయినవారి ముఖాలు లేవు. ఆ మృతులను మనం లెక్కలో నుంచి తీసేస్తే మన మృతుల గురించి అడిగే అర్హత పోతుంది. ఫొటోలు లేని ఆ ఖాళీని ఇప్పుడు సినిమా నింపుతోంది. 2024 మార్చిలో తెలుగులో వచ్చిన 'రజాకార్' చిత్రం చూసిన యువతరానికి 1948 అంటే ఆ తెర మీది రంగులే. బొమ్మ లేని చోట ఎవరి దగ్గర డబ్బు ఉంటే వారి బొమ్మ వచ్చి కూర్చుంటుంది.

ఉత్తరాంధ్రకు యుద్ధం స్వయంగా వచ్చిన రోజు కూడా ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. జనం పట్నం విడిచి లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఆనాటి బాంబు తొడుగును బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఇప్పటికీ చూపిస్తారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆనాడు చనిపోయినవారు ఎవరో చెప్పగలిగినవారు విశాఖలోనే అరుదు.

అందుకే గాజా ఛాయాచిత్రకారుల పట్ల మన కృతజ్ఞతకు హద్దు ఉండకూడదు. 2023 అక్టోబరు నుంచి ఇజ్రాయెల్ విదేశీ విలేఖరులను గాజాలో స్వతంత్రంగా తిరగనివ్వలేదు. సైన్యం వెంటబెట్టుకుని చూపించిన కొద్ది పర్యటనలే వారికి దక్కాయి. లోకం చూసిన ప్రతి బొమ్మా అక్కడే పుట్టి, అక్కడే ఇల్లు కోల్పోయి, అక్కడే పిల్లలకు రొట్టె వెతుక్కునే మనుషులు తీసినది. తమ సహోద్యోగులు ఆకలితో చనిపోయే ప్రమాదం ఉందని 2025 జులైలో ఏఎఫ్‌పీ వార్తాసంస్థ పాత్రికేయుల సంఘం బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. పాత్రికేయుల రక్షణ కమిటీ లెక్క ప్రకారం ఈ యుద్ధంలో చనిపోయిన పాత్రికేయులు, మీడియా సిబ్బంది 200 మందికి పైగా ఉన్నారు; వారిలో అత్యధికులు పాలస్తీనీయులు. యువ ఛాయాచిత్రకారిణి ఫాతిమా హస్సూనా తన జీవితంపై తీసిన చిత్రం కాన్ ఉత్సవాల వేళ ప్రదర్శనకు ఎంపికైందన్న వార్త వచ్చిన మరునాడే, 2025 ఏప్రిల్ 16న, కుటుంబ సభ్యులతో సహా బాంబుదాడిలో చనిపోయింది.

యుద్ధరంగంలో ఫొటో తీసేవాడు సాయం చేయకుండా కెమెరా పట్టుకుని నిలబడ్డాడేమిటని అడగడం మనకు అలవాటు. ఈ ప్రశ్న బయటి నుంచి వచ్చి, తీసుకుని, విమానం ఎక్కి వెళ్ళిపోయేవాడిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. 1993లో సూడానులో రాబందు ముందు కుప్పకూలిన బిడ్డను తీసిన కెవిన్ కార్టర్ కథ అందరికీ తెలిసినదే. ఆ ఫొటో అచ్చయిన తర్వాత ఆ బిడ్డ ఏమైందని పాఠకులు పత్రికను నిలదీశారు. పత్రిక దగ్గర సరైన జవాబు లేదు. గాజాలో ఆ ప్రశ్న తలకిందులైంది. అక్కడ ఫొటో తీసేవాడే బాధితుడు. పొద్దున ఇతరుల జనాజా తీసినవాడి జనాజాను సాయంత్రం ఇంకొకరు తీస్తున్నారు.

రాయిటర్స్‌కు చెందిన ముహమ్మద్ సాలెం 2023 అక్టోబరు 17న ఖాన్ యూనిస్‌లోని నాసర్ ఆసుపత్రి శవాగారంలో తీసిన ఛాయాచిత్రాన్ని మన పాఠకులు చూసే ఉంటారు. 2024లో దానికి వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది. ఒక మహిళ నేల మీద కూర్చుని, తెల్లని గుడ్డలో చుట్టిన అయిదేళ్ళ మేనకోడలి దేహాన్ని గుండెకు హత్తుకుని తల వంచుకుని ఉంటుంది. ఆమె ముఖం కనిపించదు. బిడ్డ ముఖమూ కనిపించదు. రక్తం చుక్క లేదు. చూసినవారి గుండె చెదరడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ బిడ్డ హుర్మత్‌కు భంగం లేదు, ఆ అత్త దుఃఖానికి పరదా ఉంది, నిజం మాత్రం పూర్తిగా బయటపడింది. ఇది ఇలా తీయడం సాధ్యమే అనడానికి ఇదొక్కటి చాలు. 2025 ఆగస్టు 25న అదే నాసర్ ఆసుపత్రి మీద జరిగిన దాడిలో అయిదుగురు పాత్రికేయులు చనిపోయారు. మొదటి దాడిలో పడినవారిని రక్షించడానికి, ఆ దృశ్యం తీయడానికి పరుగెత్తినవారి మీద రెండో దాడి పడింది.

ముఖం చూపడం ఎప్పుడూ తప్పేనని మేము అనడం లేదు. 2025లో అదే పురస్కారం పొందిన సమర్ అబూ ఎలూఫ్ ఛాయాచిత్రంలో రెండు చేతులూ పోయిన తొమ్మిదేళ్ళ బాలుడు సూటిగా వెలుగు వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. ఆమె కూడా గాజా నుంచి బయటపడిన మనిషే. దోహాలో చికిత్స పొందుతున్న పిల్లల మధ్య ఆ చిత్రం తీసింది. ఆ పిల్లవాడికి తన బొమ్మ తీస్తున్నారని తెలుసు. శిథిలాల్లో స్పృహ లేకుండా పడి ఉన్న బిడ్డకు అది తెలియదు. తేడా అక్కడ ఉంది.

ఛాయాచిత్రకారుడు ఉండటమే నేరానికి కారణమయ్యే సందర్భం ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1971 డిసెంబరు 18న, ఢాకా పతనమైన రెండు రోజులకు, పాకిస్తాన్ సైన్యానికి తోడ్పడ్డారన్న ఆరోపణపై బందీలుగా పట్టుకున్న యువకులను ముక్తివాహిని వారు జనం ముందు బాయ్‌నెట్లతో పొడిచి చంపారు. విదేశీ ఛాయాచిత్రకారులు అక్కడ ఉన్నారు. కెమెరాలు వెళ్ళిపోతే ఈ హత్య ఆగుతుందేమోనని కొందరు అక్కడి నుంచి వెళ్ళిపోయారు. హోర్స్ట్ ఫాస్, మిషెల్ లారాన్ నిలిచిపోయి తీశారు. మరుసటి ఏడాది వారికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఎవరు సరి? ఆ ఫొటోలు లేకపోతే ఆ హత్యలను ఎవరూ నమ్మేవారు కాదన్నది నిజం. కెమెరా కోసమే ఆ తతంగం జరిగిందన్న అనుమానమూ తోసివేయలేనిది. మా దృష్టిలో వెళ్ళిపోయినవారు తమ వృత్తిని వదులుకోలేదు, దాని హద్దును గుర్తించారు.

ఇవాళ మన దేశంలో హంతకులకు వేరే ఛాయాచిత్రకారుడు అక్కరలేదు. గోరక్షణ పేరుతో జరిగిన మూకదాడుల వీడియోలు తీసినవారు చాలాసార్లు ఆ మూకలోని వారే, లేదా పక్కన నిలబడి చూసినవారే. చేతులు జోడించి ప్రాధేయపడే మనిషిని కొడుతూ తీసిన ఆ వీడియో వారికి విజయపతాక. మనం దాన్ని ఆక్రోశంతో పంపినా వారు కోరుకున్నంత దూరం దాన్ని మోసుకెళ్ళేది మనమే. మరి దాన్ని చెరిపేయాలా? కూడదు. 2017 ఏప్రిల్‌లో ఆళ్వార్ దగ్గర కొట్టి చంపబడిన పాడి రైతు వీడియోను కోట్లమంది చూశారు. 2019 ఆగస్టు 14న ఆళ్వార్ న్యాయస్థానం నిందితులు ఆరుగురినీ సంశయలాభం కింద విడిచిపెట్టింది. వీడియో తీసిన ఫోనును పద్ధతిగా స్వాధీనం చేసుకోలేదు, ప్రయోగశాలలో పరీక్షించలేదు. దేశమంతా చూసిన దృశ్యం కోర్టులో నిలబడలేదు.

మన కార్యకర్తలు గట్టిగా పట్టుకోవలసిన పాఠం ఇది. పంచడం వేరు, భద్రపరచడం వేరు. దాడి వీడియో చేతికి వచ్చినప్పుడు మొదటి పని గ్రూపులో పెట్టడం కాదు. అది ఎవరి ఫోనులో తీసినదో కనుక్కోవడం, ఆ ఫోనులోని అసలు ఫైలును చెరగకుండా, కత్తిరించకుండా ఉంచడం, తీసినవారి నుంచి సమయం, స్థలం రాయించుకోవడం, వెంటనే న్యాయవాదికి అప్పగించడం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలని పాత సాక్ష్య చట్టంలోని 65-బి సెక్షను చెప్పేది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను అదే అడుగుతోంది, ఫైలు మారలేదని చూపే హాష్ విలువను కూడా ధ్రువపత్రంలో రాయమంటోంది. పది చేతులు మారిన వాట్సాప్ ప్రతికి ఈ పరీక్షలో నిలబడే బలం తక్కువ. షహాదత్ అనే మాటను మనం రోజూ నాలుక మీద పలుకుతాము. సాక్షి ఎవరో తెలియని సాక్ష్యాన్ని ఏ ఖాజీ అంగీకరిస్తాడు?

ఫొటో తీసిన తర్వాత అందులోని మనిషి ఏమవుతాడన్నది మరొక విషయం. 2002 మార్చి 1న అహ్మదాబాదులో మంటల మధ్య మేడ వరండాలో చిక్కుకుని, కన్నీళ్ళతో చేతులు జోడించిన దర్జీ యువకుడి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆయన పేరు కూడా తిరిగింది. మేము ఇక్కడ రాయము. భద్రతా దళాల వాహనంలో వచ్చిన రాయిటర్స్ ఛాయాచిత్రకారుడు అర్కో దత్తా ఆ ఫొటో తీశారు. ఆ కుటుంబం ప్రాణాలతో బయటపడింది. ఆ తర్వాతే ఆయన రెండో కష్టం మొదలైంది. ముఖం గుర్తుపట్టి పనిలో నుంచి తీసేసినవారు ఉన్నారు. ఊరు విడిచి కొంతకాలం కోల్‌కతాలో తలదాచుకోవలసి వచ్చింది. రాజకీయ పక్షాలు తమ ప్రచారానికి ఆ ఫొటోను తనను అడగకుండా వాడుకుంటున్నాయని ఆయన చాలాసార్లు మొరపెట్టుకున్నారు. వాడుకున్నవారిలో ముస్లింల పక్షాన మాట్లాడుతున్నామని చెప్పుకునేవారూ ఉన్నారు. పదేళ్ళ తర్వాత ఆ ఇద్దరూ కలుసుకున్నప్పుడు ఛాయాచిత్రకారుడు ఆయనను క్షమాపణ కోరారు. మన సంఘాలు తమ కరపత్రాల మీద ఇన్నేళ్ళుగా ఆ జోడించిన చేతులను అచ్చు వేస్తున్నాయి. వారిలో ఎంతమంది ఆయనను అడిగారు? ఆయన దర్జీ, ఇద్దరు ముగ్గురు కాదు కదా, వేలమంది ముందు జీవితాంతం వేడుకుంటూ నిలబడాలని ఎవరు తీర్పు ఇచ్చారు?

ఢిల్లీలో 2020 ఫిబ్రవరిలో నేల మీద ముడుచుకుపోయిన మనిషిని గుంపు కర్రలతో కొడుతున్న ఫొటో తీసినది దానిష్ సిద్దీఖీ. ఆ మనిషి బతికాడా లేదా అని రాయిటర్స్ వెతికి, తలకు కట్లతో బంధువుల ఇంట్లో ఉన్న ఆయనను కలిసి, ఆయన మాటల్లోనే జరిగినది రాసింది. ఫొటో తర్వాత చేయవలసిన పని అదే. 2017 సెప్టెంబరులో పడవ దిగి ఒడ్డున ఇసుకను తాకుతున్న రోహింగ్యా మహిళను చూపినదీ దానిష్. ఆ వరుస చిత్రాలకు రాయిటర్స్ బృందానికి 2018లో పులిట్జర్ వచ్చింది. 2021లో కరోనా రెండో దశలో ఢిల్లీ శ్మశానాల్లో వరుసగా మండుతున్న చితులను ఆయన తీసినప్పుడు, హిందువుల అంత్యక్రియలను అమ్ముకుంటున్నాడని దుమారం లేపారు. ఆయన పేరు వేరే అయి ఉంటే ఆ దుమారం రేగేది కాదు. అది ద్వేషమే. అయినా ద్వేషించేవాడి నోట వచ్చినంత మాత్రాన ఆ ప్రశ్న చెల్లకుండా పోదు. మన వారి జనాజాకు అడిగే పరదాను పక్కింటి వారి చితికీ అడగాలి. మేము ఆ చిత్రాలను ఈ కొలతతోనే చూశాము. వాటిలో ఎక్కువ భాగం పైనుంచి, దూరం నుంచి తీసినవి. ఎవరి తండ్రి చితి ఏదో గుర్తించలేము. అధికారులు తక్కువ చేసి చెబుతున్న మరణాలను అవి లెక్కకు తెచ్చాయి. అవసరం ఉంది, హద్దు ఉంది. ఆ ఏడాది జులై 16న కాందహార్ రాష్ట్రంలోని స్పిన్ బోల్దక్‌లో దానిష్ తాలిబన్ల చేతిలో చనిపోయారు. దేహాన్ని ఛిద్రం చేశారని వార్తలు వచ్చాయి, ఆ ఫొటోలు కూడా సామాజిక మాధ్యమాల్లో తిరిగాయి. చంపినవారు ముస్లింలమని చెప్పుకునేవారు. ఆ నేరాన్ని ఖండించడంలో మనలో కొందరి గొంతు ఎందుకు తగ్గిందో మాకు అర్థం కాదు.

మృతదేహాన్ని ఛిద్రం చేయడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఆ నిషేధం వెనుక ఉహుద్ ఉంది. హజ్రత్ హమ్జా (రజి) దేహాన్ని శత్రువులు కోసి ఛిద్రం చేశారు. ఆయన సోదరి హజ్రత్ సఫియ్యా (రజి) ఆ వైపు వస్తుంటే ఆమె చూడకుండా ఆపమని ప్రవక్త (స) ఆమె కుమారుడు హజ్రత్ జుబైర్ (రజి)కు చెప్పారని సీరా గ్రంథాలు తెలుపుతాయి. జరిగినది తాను ఇప్పటికే విన్నానని, సహనంతో ఉంటానని ఆమె చెప్పాక చూడనిచ్చారు. ఈ ఘటనను ఎన్నో ప్రసంగాల్లో విన్నాము, కాని ఒక చిన్న వివరాన్ని వక్తలు ఎందుకో వదిలేస్తారు. ఆమె ఖాళీ చేతులతో రాలేదు. సోదరుడి కఫన్ కోసం రెండు గుడ్డలు తెచ్చింది. హమ్జా పక్కనే ఒక అన్సారీ దేహం అదే స్థితిలో, కఫన్ లేకుండా పడి ఉంది. ఒకరికి రెండు గుడ్డలు చుట్టి మరొకరిని వదిలేయడానికి వారి మనసు ఒప్పలేదు. చీటీ వేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుడ్డ చుట్టారు. ఆ భయంకర దృశ్యం చూడకుండా ఆమెను ఎవరూ చివరి వరకు అడ్డుకోలేదు. ఆమె కప్పడానికి వచ్చింది గనుక చూసింది, తనవాడిని కప్పుతూ పక్కవాడినీ కప్పింది.

మన ఫోనులోకి గాజా ఫొటో వచ్చినప్పుడు మన చేతిలో ఏ గుడ్డ ఉంది? చందా పంపామా, పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాశామా, కనీసం ఆ ఫొటో నిజమో కాదో చూశామా? సిరియాలో ఎప్పుడో తీసిన ఫొటోలు గాజావని తిరిగాయి. 2024 మే నెలలో రఫాలో గుడారాల మీద దాడి జరిగినప్పుడు కోట్లమంది పంచుకున్న బొమ్మ కృత్రిమ మేధ గీసినది. ఆ రోజు రఫాలో నిజమైన ఛాయాచిత్రకారులు ప్రాణాలొడ్డి తీస్తూనే ఉన్నారు. అందులో శవం లేదు, చూడడానికి ఇబ్బంది లేదు అని కొందరు దాన్ని మెచ్చుకున్నారు. మాకు అది మింగుడుపడలేదు. ఒక్క అబద్ధపు బొమ్మ దొరికితే చాలు, వంద నిజమైన బొమ్మలను అబద్ధమనడానికి ఎదుటివారు కాచుకుని ఉన్నారు. వార్త తెచ్చినవాడిని విచారించి నమ్మమన్న హుజురాత్ సూరా ఆదేశం ఫోనుకు వర్తించదని ఏ ఆలిమూ చెప్పలేదు.

ఫ్లెక్సీల సంగతికి మా అభిప్రాయం సూటిగా చెబుతాము. చనిపోయిన పిల్లల ముఖాలు కూడలిలో వద్దు. ఛాయాచిత్రకారుడి పేరు, తేదీ, ఊరు రాయలేని ఏ ఫొటో వద్దు. పాత్రికేయ సంస్థలు ధ్రువీకరించిన చిత్రాలు, మూసిన కఫన్, కూలిన బడి, వరుసలో నిలబడిన ఖాళీ గిన్నెలు చాలు. ఇంట్లో పదేళ్ళలోపు పిల్లలు ఉంటే ఆ ఫొటోలు తెరిచిన ఫోనును వారి చేతికి ఇవ్వవద్దు. వారు అడిగితే మాటల్లో చెప్పండి. మన అమ్మలు కర్బలా దుఃఖాన్ని ఏ బొమ్మా చూపకుండానే మనకు చెప్పారు.

ఇక మన చేతుల్లోని కెమెరా. హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో కొన్ని వేలమంది రోహింగ్యాలు ఏళ్ళుగా గుడిసెల్లో బతుకుతున్నారు. రంజాను వస్తే చాలు, రేషన్ కిట్లు పట్టుకుని ఎన్నో సంఘాలు అక్కడికి వెళతాయి. కిట్టు ఒక చేత, ఫోను ఒక చేత. బియ్యం సంచి అందుకుంటున్న ముసలమ్మ ముఖం, పక్కన నవ్వుతున్న దాత ముఖం, వెనుక సంఘం బ్యానరు. కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ ఎక్కడ పోయింది? వారు యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవారు. బర్మాలో మిగిలిన వారి బంధువులకు, ఇక్కడ వారిని వెళ్ళగొట్టమని అరిచేవారికి ఆ ముఖాలను, ఆ గుడిసెల గుర్తులను మనమే అందిస్తున్నాము. దాతలకు లెక్క చూపాలంటారు. సంచుల ఫొటో పెట్టండి, రసీదుల ఫొటో పెట్టండి. తీసుకునేవారి ముఖం లెక్కల పుస్తకంలోని అంశం కాదు.

మా ఊరి నుంచి చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదు వెళ్ళిన యువకులు ఎంతోమంది ఉన్నారు. అందరి దగ్గర మంచి కెమెరా ఫోన్లు ఉన్నాయి. వారికి మేము ఒక పని అప్పగించదలచాము. 1948లో పదేళ్ళు ఉన్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. బీదరు, నాందేడు వైపు నుంచి ఆనాడు హైదరాబాదు పాతబస్తీకి చేరిన కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. సంఘటన ఫొటోలు లేకపోయినా, పోయిన తండ్రి, అన్న స్టూడియోలో దిగిన పాత ఫొటో ఏదో ఒకటి కొన్ని ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున ఉండవచ్చు. దాని నకలు తీయండి, వెనుక పేరు, ఊరు, ఏ రోజు పోయారో ఆ ఇంటివారి నోటితోనే చెప్పించి రాయండి, అసలును వారికే ఇచ్చి రండి. మాట్లాడేవారి గొంతు రికార్డు చేసే ముందు, ముఖం తీసే ముందు "తీయమంటారా నానీమా?" అని అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టి మాటలు మాత్రం రాసుకుని రండి.